నెత్తురు ఎంత లోతున ఉంది?

"తలలో నెత్తురు గడ్డ కట్టిందంట గదా సార్, ఆపరేషన్ చేసి తీసేస్తే బాగైపోతాడా?"

తిరుపతిలో రుయా ఆసుపత్రి అత్యవసర విభాగం బయటా, స్విమ్స్ న్యూరోసర్జరీ వార్డు ముందూ తరచూ వినబడే మాట ఇది. అడిగేవాళ్లు పీలేరు నుంచో పుంగనూరు నుంచో పలమనేరు నుంచో 108 వెంట వచ్చినవాళ్లు. డాక్టరు అవుననడు, కాదనడు. "చూద్దాం" అంటాడు. ఏదో దాస్తున్నాడని వీళ్లకు అనుమానం. తెలిసిన పెద్దమనుషుల చేత ఫోన్లు చేయిస్తారు. ఎమ్మెల్యే పీఏ దగ్గర్నుంచి కూడా ఒకటి వస్తుంది. ఇంతలో ఆ డాక్టరు సీటీ స్కాన్ తెర ముందు కూర్చుని తేల్చుకుంటున్నది ఒకటే సంగతి: ఈ నెత్తురు ఏ పొరలో ఉంది, ఎంత లోతున ఉంది?

మెదడులో రక్తస్రావం అని మనం ఒకే పేరుతో పిలిచేది నాలుగైదు వేర్వేరు జబ్బుల్ని. పుర్రె ఎముక కిందే ఉన్న నెత్తురుకు కత్తి ప్రాణం పోస్తుంది. లోతుకు పోయేకొద్దీ కత్తికి పని తగ్గుతుంది. మరీ లోతున ఉంటే, గడ్డ చేసిన చెరుపు కంటే దాన్ని చేరుకోవడానికి చేసుకున్న దారి ఎక్కువ చెరుపు చేయవచ్చు. గత అరవై డెబ్బై ఏళ్లలో ఈ శస్త్రచికిత్స నేర్చుకున్న పాఠాల్లో సగం ఎప్పుడు కోయాలన్నవి, మిగతా సగం ఎప్పుడు కోయకూడదన్నవి.

అసలు పుర్రెలో చోటెంత? పెద్దవాళ్లలో సుమారు 1,400 నుంచి 1,500 మిల్లీలీటర్లు. మెదడు, అందులో తిరిగే నెత్తురు, 150 మిల్లీలీటర్ల దాకా మెదడు-వెన్ను ద్రవం ఆ చోటును పూర్తిగా నింపేసి ఉంటాయి. పొట్టలా సాగే గుణం పుర్రెకు లేదు. కాబట్టి లోపలికి కొత్తది ఏది చేరినా ఉన్నవాటిలో ఒకటి బయటికి పోవాలి. ఈ లెక్కను ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ మన్రో 1783లో చెప్పాడు, ఆయన శిష్యుడు జార్జ్ కెల్లీ 1824లో బలపరిచాడు. నెత్తురు చేరడం మొదలుకాగానే ముందు ద్రవం వెన్నువైపు జారుకుంటుంది, సిరల్లోని నెత్తురు కిందికి దిగుతుంది. అందాకా మనిషి బాగానే ఉంటాడు, తలనొప్పి అంటాడు, మంచినీళ్లు అడుగుతాడు. ఆ సర్దుబాట్లు అయిపోయాక ఇంకో రెండు మూడు చెంచాలు చేరినా చాలు, మామూలుగా 7 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం దగ్గర ఉండే పీడనం అమాంతం ఎగబాకుతుంది. మెదడు పక్కకు, కిందికి ఒరిగి కంటి నరాన్ని నొక్కుతుంది. ఒక కంటిపాప పెద్దదైపోయి టార్చి వెలుగుకు ముడుచుకోదు. రక్తపోటు పెరుగుతుంది, నాడి నెమ్మదిస్తుంది, ఊపిరి తీరు తప్పుతుంది. ఈ మూడూ కలిసి వస్తే మెదడు కాండం నలిగిపోతోందని 20వ శతాబ్దం మొదట్లో హార్వే కుషింగ్ చూపించాడు. రాత్రి డ్యూటీ నర్సు గంట గంటకూ కంట్లో టార్చి వేసి చార్టులో రాసుకునేది అందుకే.

కాబట్టి సర్జన్ ముఖ్యంగా చేసేది చోటు చేయడం. చచ్చిపోయిన నరకణాలను ఏ ఆపరేషనూ లేపదు. వరండాలో నిలబడ్డవాళ్లకు ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే "చూద్దాం" అన్న మాట మీద అంత కోపం రాదేమో.

చిత్తూరు వైపు వాళ్లకు తిరుపతి కాక ఇంకో దారి ఉంది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఉత్తర ఆర్కాటు జిల్లాకు చిత్తూరే కేంద్రం. వేలూరు ఆ జిల్లాలోదే. జిల్లాలు విడిపోయాయి, తర్వాత రాష్ట్రాలూ విడిపోయాయి. అయినా గుడిపాల, యాదమరి పల్లెల్లో తలకు పెద్ద దెబ్బ తగిలితే ఈనాటికీ "రాయవేలూరుకు ఎత్తుకుపోండి" అనే అంటారు. ఆ మాట వెనక చరిత్ర ఉంది. మన దేశంలో మొట్టమొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని జాకబ్ చాందీ 1949లో పెట్టింది అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలోనే. ఆయన మాంట్రియల్‌లో వైల్డర్ పెన్‌ఫీల్డ్ దగ్గర పని నేర్చుకుని వచ్చాడు. మరుసటి ఏడు మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బి. రామమూర్తి మొదలుపెట్టాడు. 1951లో వీళ్లిద్దరితో పాటు మరో ఇద్దరు కలిసి న్యూరలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియాను స్థాపించారు. మొత్తం నలుగురు! ఆ కాలంలో దేశమంతటా ఈ పని తెలిసినవాళ్లు ఎంతమంది ఉండేవారో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇంకో ఇబ్బంది, వాళ్లకు నెత్తురు కనబడేది కాదు. మెడలో ధమనికి సూది గుచ్చి, రంగుమందు ఎక్కించి, గబగబా ఎక్స్‌రేలు తీసేవారు. పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్ 1927లో చూపిన పద్ధతి అది. ఫిల్ములో రక్తనాళాలు ఉండాల్సిన చోటు నుంచి పక్కకు తోసుకుపోయి ఉంటే, అక్కడేదో ఉందని ఊహ. అంత సమయం లేకపోతే పుర్రెకు అనుమానం ఉన్న చోటల్లా రంధ్రాలు వేసి చూడటమే. 1971 అక్టోబరు 1న లండన్‌లో అట్కిన్‌సన్ మోర్లీ ఆసుపత్రిలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ యంత్రం మొదటి రోగి తలను పొరలు పొరలుగా చూపించడంతో ఊహలకు కాలం చెల్లింది. సీటీలో తాజా నెత్తురు తెల్లగా మెరుస్తుంది, పాతబడేకొద్దీ బూడిదరంగుకు, ఆపైన నలుపుకు తిరుగుతుంది. ఎక్కడుందో, ఎంతుందో, సుమారుగా ఎన్ని రోజులదో ఒకే బొమ్మలో తెలిసిపోతుంది. స్విమ్స్ 1993లో సేవలు మొదలుపెట్టి 1995లో విశ్వవిద్యాలయమయ్యే నాటికి ఇది మామూలు పరీక్ష. ఇప్పుడు స్కాన్‌కు పట్టేది నిమిషాలు. ఆలస్యమంతా భాకరాపేట ఘాట్ రోడ్డు మీదే జరుగుతోంది.

ఇక మెదడు చుట్టూ ఉండే పొరల సంగతి. ఇంటర్ పుస్తకంలో వరాశిక, లౌతికళ, మృద్వి అని వల్లెవేసినవి. ఆపరేషన్ గదిలో వరాశికను డ్యూరా అంటారు. తోలులా గట్టిది, పుర్రె లోపలి గోడకు అంటుకుని ఉంటుంది.

మొదటి చోటు పుర్రెకూ డ్యూరాకూ మధ్య. కణత దగ్గర ఎముక పలుచన, దాని లోపలి వైపున గాడిలో ఒక ధమని పోతుంటుంది. బండి మీంచి పడ్డ కుర్రాడికి అక్కడ ఎముక చిట్లితే ధమని తెగుతుంది. పడగానే కాస్త సొమ్మసిల్లుతాడు, లేస్తాడు, "నాకేం కాలేదు" అంటాడు, సెల్‌ఫోన్ వెతుక్కుంటాడు. కొందరు ఇంటికి పోయి పడుకుంటారు. ధమని నెత్తురు ఆగదు. డ్యూరాను ఎముక నుంచి ఒలుచుకుంటూ గడ్డ పెరుగుతుంది. రెండు మూడు గంటలకు వాంతులు, మత్తు. నిద్రపోతున్నాడులే అనుకుని తెల్లారేదాకా వదిలేసిన ఇళ్లున్నాయి. తలకు దెబ్బ తగిలిన రాత్రి మనిషిని మధ్యమధ్యలో లేపి మాట్లాడించమనేది ఇందుకే.

గడ్డ 30 మిల్లీలీటర్లు దాటితే మనిషి మెలకువగా ఉన్నా సరే తీసేయాలన్నది అంగీకరించిన పద్ధతి. తలవెంట్రుకలు తీసేస్తారు (గుండు కొట్టించుకోవడం గురించి తిరుపతిలో ఎవరికీ నచ్చజెప్పాల్సిన పని లేదు, గంధం పూసుకున్న గుండ్ల మధ్య కుట్లున్న గుండును ఎవరూ తిరిగి కూడా చూడరు). చెవి ముందు నుంచి పైకి చర్మం కోసి మడుస్తారు. తలచర్మం ఎంత నెత్తురు కారుస్తుందంటే, అంచుల వెంబడి వరసగా చిన్న ప్లాస్టిక్ క్లిప్పులు బిగిస్తేగాని ముందుకు పోలేరు. తర్వాత డ్రిల్లు. ఎముక చివరి పొర దాటి ఎదురు లేకపోగానే దానంతటదే ఆగిపోయే క్లచ్చు ఇప్పటి డ్రిల్లులో ఉంది. వెనకటి వాళ్లు చేత్తో తిప్పే బర్మా పెట్టి, చేతికి తగిలే తేడాతోనే ఎముక అయిపోయిందని కనిపెట్టేవారు. రెండు రంధ్రాల మధ్య ఎముకను కోయడానికి జిగ్లీ అనే తీగ రంపం వాడేవారు. ఇటలీలో ఒక కాన్పుల డాక్టరు కటి ఎముక కోసం చేయించుకున్న పనిముట్టు అది. ఎముక అంచుల నుంచి చెమ్మగిల్లే నెత్తురుకు మైనం రుద్దుతారు. తేనెమైనంలో బాదం నూనె కలిపి వాడటం విక్టర్ హార్స్‌లీ 1892లో చెప్పాడు, ఇప్పటికీ అదే తరహా.

ఎముక పలక ఎత్తగానే కింద నల్లగా మెరిసే గడ్డ. కొంత సక్షన్‌తో పోతుంది, కొంత చెంచాతో తీసినట్టు ముక్కలుగా వస్తుంది. అప్పటిదాకా లోపలికి నొక్కుకుపోయి కదలకుండా ఉన్న డ్యూరా మెల్లగా పైకి లేచి గుండె లయకు కొట్టుకోవడం మొదలుపెడుతుంది. మత్తు డాక్టరు తెర అవతలి నుంచి నాడి మామూలైందని చెబుతాడు. తెగిన ధమనిని బైపోలార్ పట్టకారుతో మాడ్చి, మళ్లీ ఒలుచుకోకుండా డ్యూరాను ఎముక అంచులకు కుట్టి, పలకను ఎప్పటి చోట బిగిస్తారు. మెదడును ముట్టుకోనే లేదు. సకాలంలో చేస్తే ఈ కుర్రాళ్లలో చాలామంది వారం తిరక్కుండా నడిచి ఇంటికి పోతారు. న్యూరోసర్జరీ మొత్తంలో ఇంత తక్కువ పనికి ఇంత పెద్ద ఫలితం ఇచ్చే ఆపరేషన్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఒక పొర కిందికి, డ్యూరాకూ మెదడుకూ మధ్యకు వస్తే కథ మారిపోతుంది. అక్కడ పెద్ద దెబ్బకు అప్పటికప్పుడు నెత్తురు చేరిందంటే మెదడు కూడా నలిగే ఉంటుంది. గడ్డ తీసినా మెదడు ఉబ్బుతుంది. పలక తిరిగి పెడితే పట్టదు. అందుకని దాన్ని పెట్టకుండానే చర్మం కుడతారు. తీసిన ఎముకను అతి చల్లని ఫ్రీజర్‌లో ఉంచుతారు, లేదా అదే రోగి పొట్ట చర్మం కింద చిన్న సంచిలా కోసి దాస్తారు. "తల ఎముక కడుపులో పెట్టినారంట" అని ఊళ్లో చెప్పుకుంటే నమ్మనివాళ్లుంటారు గాని, అది నిజమే. వాపు తగ్గి గాయం మానాక, కొన్ని నెలలకు మళ్లీ తీసి తలలో అమరుస్తారు. అందాకా ఆ వైపు దెబ్బ తగలకుండా చూసుకోవాలి.

అదే చోట నెమ్మదిగా చేరే నెత్తురు ముసలివాళ్ల జబ్బు. వయసు పైబడ్డాక, లేదా ఏళ్ల తరబడి తాగాక మెదడు కాస్త కుంచించుకుపోతుంది. దాని నుంచి డ్యూరాకు పోయే సన్నని సిరలు బిగుసుకుని ఉంటాయి. బావి గట్టు మీద జారినా, గడప తగిలి తూలినా ఒకటి తెగుతుంది. గుండె కవాటం మార్పించుకుని, నెత్తురు పలచబడే మాత్రలు మింగేవాళ్లకైతే ఆ మాత్రం దెబ్బ కూడా అక్కర్లేదు. మూడు వారాల తర్వాత జేజి మాట తడబడుతుంది, ఒక కాలు ఈడుస్తుంది, మనవడి పేరు మరిచిపోతుంది. ముసలితనం అనుకుంటారు. స్కాన్ తీస్తే అరచేతి మందాన పాత నెత్తురు. పలచగా, నల్లగా ఉండే ఆ ద్రవం మార్చిన ఇంజన్ ఆయిల్‌లా ఉంటుంది. ఆ చోటు వరకే మొద్దుబార్చే మందు ఇచ్చి ఒకటో రెండో రంధ్రాలు వేస్తే చాలు. జేజి తెలివిగానే ఉంటుంది, కొన్నిసార్లు బల్ల మీదే చేయి ఎత్తి చూపిస్తుంది.

రంధ్రం వేసి కడిగాక సన్నని గొట్టం ఒకటి లోపల వదలాలా వద్దా అన్నది చాలాకాలం ఎవరి అలవాటు వాళ్లది. కేంబ్రిడ్జిలో 215 మంది మీద పరీక్షించి 2009లో తేల్చారు: గొట్టం రెండు రోజులు ఉంచినవాళ్లలో 9.3 శాతానికి మళ్లీ ఆపరేషన్ కావాల్సి వచ్చింది, ఉంచనివాళ్లలో 24 శాతానికి. పెద్ద ఖర్చు లేని ఒక రబ్బరు గొట్టంతో ఇంత తేడా! ఈమధ్య తొడ దగ్గర ధమని గుండా గొట్టం పోనిచ్చి, డ్యూరాకు నెత్తురిచ్చే ధమనినే పూడ్చేసే పద్ధతి కూడా వచ్చింది; 2024లో దాని మీద మంచి ఫలితాలే వెలువడ్డాయి.

ఇప్పుడు మెదడు లోపలికి. రక్తపోటు మందులు మానేసిన యాభై ఏళ్ల మనిషి పొద్దున లేచి పొలానికి పోతూ కుప్పకూలతాడు. మూతి వంకర, ఒక పక్క చేయి కాలు పడిపోయాయి. ఏళ్ల తరబడి ఒత్తిడికి పాడైన వెంట్రుకవాసి ధమని ఒకటి మెదడు నడిబొడ్డున చిట్లింది. మన వైపు పక్షవాతానికి నాటుమందు ఇచ్చే ఊళ్లు పేరుపడ్డవి. కారు మాట్లాడుకుని ముందు అక్కడికే తీసుకుపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాళం పూడుకుపోయినా, చిట్లినా పైకి కనబడే లక్షణాలు ఒకటే. స్కాన్ లేకుండా ఎంత అనుభవం ఉన్న డాక్టరూ ఖాయంగా చెప్పలేడు. పూడిక అయితే గడ్డ కరిగించే ఇంజక్షన్, చిట్లితే అదే ఇంజక్షన్ ప్రాణాంతకం. తెలిసీ తెలియక ఆస్పిరిన్ మింగించడం కూడా అలాంటిదే. ఆకు పసరు సంగతి పక్కనపెట్టినా, పోయిన గంటలు తిరిగి రావు.

లోపల గడ్డ కనబడుతున్నప్పుడు తీసేస్తే మేలే కదా అన్నది సహజమైన ఆలోచన. సర్జన్లూ ఎన్నో ఏళ్లు అలాగే అనుకున్నారు. 27 దేశాల్లో 1,033 మందిని రెండుగా విభజించి, సగం మందికి వెంటనే ఆపరేషన్ చేసి, మిగతా సగం మందికి మొదట మందులతోనే చూసిన పరీక్ష ఫలితం 2005లో వచ్చింది. ఆరు నెలలకు బాగా కోలుకున్నవాళ్లు ఆపరేషన్ వైపు 26 శాతం, మందుల వైపు 24 శాతం. అంటే తేడా లేనట్టే. నడిబొడ్డు గడ్డను చేరాలంటే మంచి మెదడును చీల్చుకుంటూ పోవాలి. గడ్డ తీసినందుకు వచ్చిన లాభం ఆ దారిలోనే ఖర్చైపోయింది.

పంతం వదలని అమెరికన్ సర్జన్లు కొందరు, మెదడు మడతల మధ్య నుంచి, నరాల పోగులను తెంచకుండా పక్కకు జరిపే సన్నని గొట్టంతో 24 గంటల్లోపు గడ్డ తీసి చూశారు. 300 మంది మీద చేసిన ఆ పరీక్ష 2024లో అచ్చయింది. ఈసారి మేలు కనబడింది, కాని మెదడు పైభాగాన ఉన్న గడ్డలకే. లోతున ఉన్నవాళ్లను చేర్చుకోవడం మధ్యలోనే ఆపేశారు. ఎక్కడ తిరిగినా లెక్క మళ్లీ లోతు దగ్గరికే వచ్చింది.

అయితే చిన్నమెదడు దీనికి మినహాయింపు. తల వెనక ఇరుకు చోటులో, మెదడు కాండానికి ఆనుకుని ఉంటుంది. అక్కడ మూడు సెంటీమీటర్లు దాటిన గడ్డ ఉండి మనిషి మత్తులోకి జారుతుంటే ఎవరూ పరీక్షల కోసం ఆగరు, తెరిచేస్తారు. నెత్తురు మెదడు లోపలి గదుల్లోకి చేరి ద్రవం దారి మూసుకుపోతే పుర్రెకు రంధ్రం వేసి గొట్టంతో ద్రవాన్ని బయటి సంచిలోకి వదులుతారు. మిగతా చాలామందికి ఐసీయూలో జరిగేది చూడటానికి ఏమీ లేనట్టే ఉంటుంది: గంటలోగా పై రక్తపోటును 140కి దించడం, చక్కెర, జ్వరం అదుపులో పెట్టడం, పలచబరిచే మందు మింగి ఉంటే దానికి విరుగుడు ఇవ్వడం. ఈ నాలుగూ కలిపి వరసగా చేస్తే ఫలితం మెరుగవుతుందని, మన దేశం కూడా పాలుపంచుకున్న పది దేశాల పరీక్ష 7,000 మందికి పైగా రోగులతో 2023లో నిరూపించింది. "ఏమీ చేయకుండా పడుకోబెట్టినారు" అని బయట గొడవ పడేవాళ్లకు ఈ అంకె చెప్పి చూడాలి. ఆరోగ్యశ్రీ (పేరు ఎన్నిసార్లు మారినా జనం నోట అదే) కార్డు పట్టుకుని వచ్చినవాళ్లకు ఆపరేషన్ అంటేనే వైద్యం, మిగతాదంతా కాలయాపన.

ధమని గోడ బలహీనపడి బుడిపెలా ఉబ్బి పగిలేది వేరే జాతి జబ్బు. నెత్తురు మెదడు కింద, దాని మడతల మధ్య పరుచుకుంటుంది. జన్మలో ఎరగని తలనొప్పి ఒక్క క్షణంలో వచ్చిపడుతుంది; ఎప్పుడు మొదలైందంటే చాలామంది ఏ పని చేస్తుండగానో కూడా చెప్పగలరు. ఇక్కడ తీయడానికి గడ్డ లేదు, మూయాల్సింది చిల్లు. మూయకపోతే మళ్లీ పగులుతుంది, రెండోసారి పగిలితే బతికేవాళ్లు తక్కువ. 1937 మార్చి 23న బాల్టిమోర్‌లో వాల్టర్ డాండీ కంటిరెప్ప వాలిపోయిన 43 ఏళ్ల మనిషి తల తెరిచి, బుడిపె మెడకు చిన్న వెండి క్లిప్పు బిగించాడు. ఇప్పుడు టైటానియం క్లిప్పు, సూక్ష్మదర్శిని వచ్చాయి గాని ఆలోచన అదే. 1990లలో తొడ దగ్గర నుంచి సన్నని గొట్టంతో పోయి బుడిపెను ప్లాటినం తీగచుట్టలతో నింపే పద్ధతి వచ్చింది. 2002లో 2,143 మంది మీద పోల్చి చూస్తే, ఏడాది తిరిగేసరికి చనిపోయినవాళ్లూ ఒకరి మీద ఆధారపడ్డవాళ్లూ కలిపి తీగచుట్టలతో 23.7 శాతం, క్లిప్పుతో 30.6 శాతం. పుర్రెనే తెరవని పద్ధతి గెలిచింది. బుడిపె ఆకారాన్నిబట్టి క్లిప్పే మేలైన సందర్భాలు ఇప్పటికీ ఉన్నాయి.

చివరగా మన పల్లెల్లో మాత్రమే గుర్తుకొచ్చే కారణం ఒకటి. చెరకు తోటలో, వేరుశనగ చేలో రక్తపింజర కాటు. దాని విషం నెత్తురు గడ్డకట్టే శక్తినే తినేస్తుంది. చిగుళ్ల నుంచి, మూత్రంలో, అరుదుగా మెదడులో నెత్తురు కారుతుంది. సీటీలో చూస్తే తలకు దెబ్బ తగిలిన మనిషి గడ్డలాగే తెల్లగా ఉంటుంది. సర్జన్ మాత్రం కత్తి పట్టడు. గడ్డకట్టని నెత్తురున్న తలను కోస్తే ప్రతి కోతా కొత్త రక్తస్రావమే.

ముందు చేసే పరీక్షకు యంత్రం అక్కర్లేదు. పొడిగా, శుభ్రంగా ఉన్న గాజు గొట్టంలో 2 మిల్లీలీటర్ల నెత్తురు తీసి, కదపకుండా 20 నిమిషాలు పక్కన పెడతారు. తర్వాత ఒకసారి వంచి చూస్తారు. నీళ్లలా జారితే పాము విషపు విరుగుడు ఎక్కిస్తారు. ఆరు గంటలకు మళ్లీ కొత్త గొట్టం, మళ్లీ 20 నిమిషాలు. గొట్టంలో నెత్తురు గడ్డ కట్టినప్పుడే ఆపరేషన్ మాట ఎత్తుతారు, అదీ తలలోని గడ్డ పైపైన ఉండి, అందాకా మనిషి నిలిస్తే.